మా ఇంటి మేటి

ఒక సన్మాన సభలో ఒక పెద్దమనిషికి కోపం రావడం వల్ల మా సంస్థ పుట్టింది. శాలువా కప్పిన వక్త ఆయనను "మన రంగానికి కురువృద్ధులు" అన్నాడు. పెద్దమనిషి మైకు లాక్కుని, "నాది కురువంశమని నీకెవరు చెప్పారయ్యా? మా వంశం సంగతి నాకు తెలీదా?" అని అరిచారు. సభికులు చప్పట్లు కొట్టాలో వద్దో తెలియక సగం కొట్టి ఆపేశారు. ఆయనకు పలుకుబడి ఎక్కువ. నెల తిరక్కుండా విజయనగరంలో, కోటకు దగ్గరగా, 'పదమూల పాలనా సంస్థ' అని ప్రభుత్వపు బోర్డు లేచింది.

సంస్థకు రెండు పనులు. ఏ గుంపుకైనా పెద్దగా ఉన్న మనిషిని ఏ మాటతో పిలుస్తున్నారో, ఆ మాట ఎక్కడ పుట్టిందో, మొదట్లో దాని అర్థమేమిటో తేల్చడం ఒకటి. తేల్చిన తర్వాత ఆ మనిషి ఆ అర్థం ప్రకారమే నడుచుకునేట్టు చూడటం రెండోది. మా సంచాలకులు పరాంకుశంగారికి రెండోదాని మీదే మక్కువ. "అర్థమును గ్రహించుట పండితుల పని. అర్థమును అమలుపరచుట మన పని" అనేవారు. ఆయన గొంతులో ప్రతి మాటా శిలాఫలకం మీద చెక్కినట్టుండేది. నేను ఆయన కింద పర్యవేక్షకుణ్ణి. నిబంధనల ముసాయిదాలన్నీ నా చేతి మీదుగానే వెళ్లేవి, ఆ సంగతి నేను ఊళ్లో దాచుకోలేదు కూడా.

మొదట కురువృద్ధుల పని పట్టాం. ఆ మాట అనిపించుకోదలచినవారు వంశవృక్షం చూపాలి, బాణాల పడక మీద పడుకోవడానికి అభ్యంతరం లేదని రాసివ్వాలి. వయసు మళ్లిన హార్మోనియం విద్వాంసులొకరు బిరుదు మీద మోజుతో పడుకోవడానికి సిద్ధపడ్డారు. మేం బాణాలకు టెండరు పిలిచాం. ఒక్కరూ రాలేదు. చేసేది లేక ఆ మాట ఇకపై ఎవరికీ వాడరాదని ఉత్తర్వు ఇచ్చాం. హార్మోనియం ఆయన ఇప్పటికీ నన్ను చూస్తే మొహం తిప్పుకుంటారు.

ఆ తర్వాత వరసలో వచ్చింది మేస్త్రీ. సరిగ్గా అప్పుడే నా ఇంటికి స్లాబు పోయాలి.

ఇంటి సంగతి కొంచెం చెప్పాలి. అద్దె ఇల్లు ఖాళీ చేసేశాం. "వానలు పడేలోపు సొంత కప్పు కింద ఉంటాం" అని నేను నలుగురిలో కోతలు కోశాను. నా మాట నమ్మిన మా ఆవిడ రాజ్యం సామానంతా కట్టుకుని వచ్చి, గోడలు లేచిన ఆ ఇంటి ముందు తాటాకు పాక వేయించుకుని, గ్యాసుపొయ్యి, పచ్చడి జాడీలు, పట్టుచీరల పెట్టె పక్కన పెట్టుకుని కూర్చుంది. ఆకాశంలో చిన్న మబ్బు కనబడితే చాలు, ఆవిడ ముందు మబ్బును చూసేది, తర్వాత నన్ను చూసేది. మొదటి చూపే కాస్త నయం.

ఇల్లు కడుతున్నవాడు దాలినాయుడు. పనివాళ్లంతా అతన్ని మేస్త్రీ అంటారు. ఊరూ మేస్త్రీ అంటుంది. అతని పెళ్లాం కూడా గుమ్మంలోంచి "ఓ మేస్త్రీ, అన్నానికి రా" అనే పిలుస్తుంది. పని వచ్చినవాడే. దానికి మించి డాబు. సిమెంటు అంటని తెల్ల పంచె కట్టుకుని వచ్చి, గోడ మీద అరచెయ్యి పెట్టి, వైద్యుడు నాడి చూసినట్టు కళ్లు మూసుకునేవాడు. తర్వాత ఏదో ఒక వంక పెట్టేవాడు. వంక పెట్టకపోతే మేస్త్రీ ఎలా అవుతాడు?

ఒకనాడు పరాంకుశంగారు నన్ను గదిలోకి పిలిచారు. బల్ల మీద నిఘంటువులు గుట్టగా ఉన్నాయి.

"మేస్త్రీ అనునది పోర్చుగీసువారి మాట, ఎరుగుదురా? సముద్రము దాటి ఓడలో వచ్చినది" అన్నారు.

"చిత్తం."

"మాట ఓడలో వచ్చినప్పుడు, ఆ మాట ధరించు మనిషి మాత్రము నడిచి వచ్చుట ఎట్లు సమంజసము?"

నిబంధన ప్రకారం ఆయన అన్నదే సబబు. మేస్త్రీ అనిపించుకునేవాడు ఏ రేవులో దిగాడో రుజువు చూపాలని ఆ మధ్యాహ్నమే ఉత్తర్వు తయారుచేశాను. నా స్లాబుకు ముహూర్తం ఆ వారంలోనే ఉన్న సంగతి సంతకాలయ్యాక గుర్తొచ్చింది. కానీ రాసిన చేత్తోనే కొట్టేయమని ఎలా అడుగుతాను?

సాయంత్రం పాక దగ్గర దాలినాయుడికి సంగతి చెప్పాను. అతను ముట్టించబోయిన బీడీని తీసి చెవి మీద పెట్టుకున్నాడు.

"ఏటి బాబూ, నాను ఓడలో రావాలా? మాది గంట్యాడ. అక్కడ ఓడెక్కడుంటాది?"

"అది కాదు దాలినాయుడూ, ఆ మాట..."

"ఆ పేరు పెట్టి పిలవకండి బాబూ. మా అమ్మ పోనాక ఆ పేరుతో పిలిచినోళ్లు నేరు. మేస్త్రీ కాకపోతే మరి నానేటి?"

ఆ ప్రశ్న విని నాకు నిజంగానే జాలేసింది. రాజ్యానికి జాలి వేయలేదు, ఒళ్లు మండింది. "ఆ ఓడేదో మీ ఆఫీసుకే తెప్పించండి. మీరందరూ ఎక్కేసి వెళ్లిపోండి. ఈలోగా ఇతను స్లాబు వేసేస్తాడు" అంది.

మర్నాడు పరాంకుశంగారి కాళ్లావేళ్లా పడ్డాను. ఆయన కరిగారు. రాత్రంతా నిఘంటువులు తిరగేశారట. "స్వదేశీయమైన ప్రత్యామ్నాయము లభించినది. మేటి!" అన్నారు. ఆ మాట నాకూ నచ్చింది. ఘనుడు, శ్రేష్ఠుడు. అంతకంటే ఏం కావాలి? దాలినాయుడు కూడా విన్న వెంటనే మీసం దువ్వుకున్నాడు. "మేటి దాలినాయుడు. బాగుంది బాబూ. మేస్త్రీలు ఈదికో పదిమంది. మేటి ఒక్కడే" అన్నాడు. అప్పటినుంచి అతని కళ్లు నెత్తికెక్కాయి. పనివాళ్లలో పాతవాడైన జోగులు అలవాటుకొద్దీ "మేస్త్రీ" అంటే పలకడం మానేశాడు.

స్లాబు రోజు తెల్లారే అందరూ చేరారు. కాంక్రీటు కలిపే మిల్లరు గడగడలాడుతోంది. ఇంటిమీద చెక్కలు పరిచి ఇనుము కట్టి ఉంది. ఆచారం ప్రకారం కొత్త పంచె, కండువా దాలినాయుడికి పెట్టాను. కొబ్బరికాయ కొట్టాం. మొదటి తట్ట లేవబోతుంటే జీపు వచ్చింది. పరాంకుశంగారు దిగారు, చేతిలో పెద్ద నిఘంటువుతో.

"శుభం. ఇది రాష్ట్రంలోనే ప్రప్రథమ మూలార్థ నియామకం. అందుచేత స్వయముగా పర్యవేక్షించుటకు వచ్చితిని" అన్నారు. తర్వాత నిఘంటువు తెరిచి, ఘనుడు, శ్రేష్ఠుడు అన్నవి తర్వాత వచ్చి చేరిన అర్థాలనీ, మొదటి అర్థం వేరే ఉందనీ సెలవిచ్చారు. కళ్లం నడుమ పాతే గుంజ. ఎడ్లను దానికి కట్టి చుట్టూ తిప్పి ధాన్యం నూరుస్తారు కదా, ఆ గుంజ.

అందరం దాలినాయుడి వైపు చూశాం.

"కావున" అన్నారు పరాంకుశంగారు, "మేటి పనిస్థలము నడుమ కదలక నిలువవలెను. తక్కినవారు ఆయన చుట్టూ ఒకే దిక్కుగా తిరుగుచు పని చేయవలెను. ఇది ఆయనకు అవమానము కాదు, స్థానము."

నడుమ అన్న మాట దాలినాయుడికి బాగా ఎక్కింది. "మరి మద్దిని నిలబడ్డానికి మేటి కాక ఇంకెవుడుంటాడు?" అని కండువా తలకు చుట్టి, నిచ్చెనెక్కి, స్లాబు నట్టనడుమ చెక్కల మీద పాదాలు ఆనించి నిలబడ్డాడు. కింద రోడ్డు మీద వెళ్లేవాళ్లు సైకిళ్లు ఆపి చూడసాగారు. అతను ఛాతీ ఇంకొంచెం విరిచాడు.

జీపులోంచి పలుపుతాళ్లు దిగాయి.

"ఇవెందుకు బాబూ?" అన్నాడు జోగులు.

"మేటికి కట్టుటకు. ఒక కొస ఆయన నడుముకు, రెండవది మీ నడుములకు."

"మేం ఎడ్లమా?"

"అట్లని ఎవరన్నారు? ఎడ్ల స్థానమున ఉన్నారు, అంతే."

తట్టలు మోసే ఆడవాళ్లు నవ్వాపుకోలేక కొంగులు నోట్లో కుక్కుకున్నారు. అది చూసి పరాంకుశంగారికి ఇంకో సంగతి గుర్తొచ్చింది. నూర్పు ఎడ్లు గింజలు మేయకుండా మూతులకు చిక్కాలు కడతారు. చిక్కాలు దొరకలేదు కాబట్టి తువ్వాళ్లు కట్టించారు. పని మొదలైంది. ఆ రోజు మా వీధి చూసిన దృశ్యం ఇంకే వీధీ చూసి ఉండదు. మూతులు కట్టుకున్న మనుషులు నడుములకు తాళ్లతో, తలల మీద కాంక్రీటు తట్టలతో, గుండ్రంగా తిరుగుతున్నారు. నడుమ దాలినాయుడు. ఎవరైనా వెనక్కి తిరగబోతే పరాంకుశంగారు "దిశ! దిశ!" అని కేకేసేవారు. తట్ట మోస్తున్న ఒక కుర్రాడు కళ్లు తిరిగి నిచ్చెన దగ్గర కూలబడితే, వాడి స్థానంలో నన్ను కట్టారు. నేను చాలాసేపు తిరిగాను. ప్రభుత్వోద్యోగికి అది కొత్త కాదు, కానీ నెత్తిన తట్ట కొత్త.

పొద్దు వాలే వేళకు స్లాబంతా పూర్తయింది, దాలినాయుడు నిలబడ్డ చోటు తప్ప. చాటంత జాగా.

"దిగు మేస్త్రీ... అదే, మేటీ. ఆ కాస్తా పూడ్చేత్తాం" అన్నాడు జోగులు, మూతిగుడ్డ తీసి.

పరాంకుశంగారు చెయ్యెత్తారు. "ఆగవలెను. నూర్పు ముగియక మునుపు మేటిని పెకలించరాదు."

"ముగిసినట్టే కదండీ, ఆయన కాళ్ల కిందే మిగిలింది" అన్నాను.

"అనగా ముగియలేదు."

"ఆయన దిగితే ముగుస్తుందండీ."

"ముగిసిన పిమ్మట దిగవచ్చును."

ఇది ఎంత పకడ్బందీగా ఉందో ఆ నిమిషంలో నాకు తట్టింది. ముసాయిదా నాదే. ఎటు తిప్పి చూసినా చిన్న సందు దొరకలేదు. పైవారి వివరణ కోరుతూ రాస్తామని, అంతవరకు యథాతథ స్థితి ఉండాలని చెప్పి పరాంకుశంగారు జీపెక్కారు. కాంక్రీటు ఎవరి వివరణ కోసమూ ఆగదు. తెల్లారేసరికి గట్టిపడింది. నా ఇంటి కప్పుకి నడుమ ఒక కన్నం, కన్నంలో ఒక దాలినాయుడు.

మొదట్లో అతనికి బాగానే ఉంది. పెళ్లాం నిచ్చెన వేసుకుని గంజి తెచ్చేది. జనం చూడటానికి వచ్చేవారు. పక్కపేటల మేస్త్రీలు ఇద్దరు వచ్చి తమకూ ఇలాంటి స్థానం ఏదైనా ఇప్పించమని నన్ను అడిగారు. స్లాబు మీద మడులు కట్టి నీళ్లు నింపితే, ఆ నీళ్ల నడుమ అతను పీట వేసుకుని గొడుగు పట్టుకుని కూర్చునేవాడు. కూర్చోవచ్చో లేదో అడిగాం. గుంజ కూర్చోదు, అయితే వంగిన గుంజలు ఉంటాయి, కనుక అభ్యంతరం లేదని సంస్థ నుంచి జవాబొచ్చింది. చెక్కలు విప్పే రోజు వచ్చినప్పుడు అన్నీ తీసేసి, అతని కింద ఒక్క చెక్క, దాని కింద ఒక్క పోటు కర్ర ఉంచాం. హాల్లో నిలబడి పైకి చూస్తే చెక్క సందుల్లోంచి అతని పంచె కనిపించేది. రాజ్యం ఆ వైపు వెళ్లడం మానేసింది.

"మబ్బులు ముసురుకుంటున్నాయి. ఆ కన్నం సంగతేమిటి?" అందావిడ.

"వివరణ రావాలి."

"వాన కూడా వివరణ వచ్చాకే పడుతుందా?"

జోగులూ మిగతావాళ్లూ ఎన్నాళ్లని కూర్చుంటారు? వెనక వీధిలో ఇంకో ఇల్లు ఒప్పుకున్నారు. వెళ్లేముందు జోగులు స్లాబు మీదకు చూసి, "మేం పోతన్నాం, మేటీ" అన్నాడు. దాలినాయుడు హుందాగా తలూపాడు. కానీ వాళ్లు మలుపు తిరిగేదాకా అటే చూశాడు.

ఆ మర్నాడు మధ్యాహ్నం నేను స్లాబు మీదే ఉన్నాను, అతనికి మంచినీళ్లు ఇవ్వడానికి వెళ్లి. వెనక వీధిలోంచి ఒక ఆడగొంతు ఖంగుమంది.

"ఓ మేస్త్రీ! మిల్లరు ఆగిపోనాది!"

"ఆఁ, వత్తన్నాను!" అన్నాడు దాలినాయుడు, సగం లేచి.

అదే మాట అదే క్షణంలో వెనక వీధిలోంచి కూడా వినబడింది. "ఆఁ, వత్తన్నాను!" ఆ గొంతు జోగులుది.

దాలినాయుడు అలాగే వంగి ఉండిపోయాడు. ఏడుస్తాడేమో అనుకున్నాను. ఏడవలేదు. నెమ్మదిగా తలపాగా విప్పాడు. కండువా దులిపి భుజాన వేసుకున్నాడు. గొడుగు నా చేతిలో పెట్టి, నీళ్ల మడుల్లో చపచపమని తొక్కుకుంటూ నిచ్చెన దగ్గరికి నడిచాడు.

"దాలినాయుడూ! వివరణ రాలేదు! స్థానం వదలకూడదు!"

"ఆ గుంజ పని నానొల్లను బాబూ" అన్నాడు దిగుతూనే.

నేను గొడుగుతో సహా వెంటపడ్డాను. వెనక వీధిలో ఆగిపోయిన మిల్లరు చుట్టూ అందరూ నిలబడి ఉన్నారు. దాలినాయుణ్ణి చూడగానే జోగులు ఒక అడుగు వెనక్కి వేశాడు. దొంగతనం చేస్తూ దొరికినవాడిలా మొహం పెట్టి, "ఊరికే పిలుత్తన్నారు. ఎవుడో ఒకడు పలకాల కదా" అన్నాడు.

"పలికితే పలికినావు గానీ, ఆ గోడ సూడు, వంకరగుంది" అన్నాడు దాలినాయుడు. గోడ నిటారుగానే ఉంది. అయినా నలుగురూ కలిసి "అవును మేస్త్రీ" అన్నారు. ఓడ సంగతి ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు, అడగాల్సిన ఉద్యోగంలో ఉండి కూడా.

మేటి స్థానం ఖాళీ అయిందని నేను సంస్థకు తెలియజేశాను. తెలియజేయకపోతే నా ఉద్యోగానికి ఎసరు. పరాంకుశంగారు ఏమాత్రం చలించలేదు. "మనుష్యులతో ఇదియే చిక్కు. మూలార్థమునకు సంపూర్ణముగా తగిన అభ్యర్థిని నియమింతము" అన్నారు. రెండు రోజుల్లో లారీ మీద అభ్యర్థి వచ్చాడు. నల్లతుమ్మ గుంజ. హాలు నట్టనడుమ గొయ్యి తీసి పాతారు. కప్పులోని కన్నంలోంచి పైకి, ఆకాశంలోకి ఒక మనిషి ఎత్తున లేచింది. పరాంకుశంగారు దానికి కండువా కప్పి, నియామకపు ఉత్తర్వు చదివి, కాసేపు ఆగారు. గుంజ స్పందన కోసమని ఇప్పటికీ నా అనుమానం.

ఆ సాయంత్రం ఉరుములు మొదలయ్యాయి. రాజ్యం పాకలో పట్టుచీరల పెట్టె ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నేను వెనక వీధికి వెళ్లి దాలినాయుడి చేతులు పట్టుకున్నాను.

"మేస్త్రీ, మా ఆవిడ తడిసిపోతుంది" అన్నాను. మా సంస్థలో ఆ మాట నేరం. నోటికి అదే వచ్చింది.

అతను జోగుల్ని, ఇద్దరు ఆడవాళ్లని వెంటేసుకుని వచ్చి, గుంజ చుట్టూ ఆ చాటంత జాగా పూడ్చి, పైన పట్టా కప్పి, ఇంకా గోడకొక వంక పెట్టి వెళ్లిపోయాడు. అప్పుడు పట్టుకున్న వాన మూడు రోజులు వదల్లేదు. ఇంట్లో చుక్క పడలేదు. రాజ్యం పచ్చడి జాడీలు లోపలికి తెచ్చుకుంది.

గుంజ మాత్రం ఉండిపోయింది. నూర్పు ముగిసింది కనుక పెకలించవచ్చని నేను సంస్థకు రాశాను. పెకలిస్తే కన్నం పడుతుందనీ, కన్నం పడితే పని ముగియనట్టేననీ, పని ముగియక మునుపు పెకలించరాదనీ జవాబొచ్చింది. వరండాకు వెళ్లాలన్నా వంటింటికి వెళ్లాలన్నా దాని చుట్టూ తిరిగే వెళ్తున్నాం. రాజ్యం దానికి ఒక మేకు కొట్టి గొడుగు తగిలించుకుంది. మరో మేకుకు కాలెండరు. నా చొక్కాకు మేకు లేదు.

మొన్న ఇళ్ల లెక్కలు రాసుకునే కుర్రాడు వచ్చాడు. చేతిలో పలకలాంటి ఫోను, అందులో ప్రశ్నలు. గుమ్మంలో నిలబడి, "ఇంటి పెద్ద ఎవరండీ?" అన్నాడు.

నేను గొంతు సవరించుకుని, కండువా సర్దుకుని లేచాను.

రాజ్యం వంటింట్లోంచి గరిటెతో చూపించింది. "అదిగో, హాల్లో నిలబడి ఉన్నారు."

కుర్రాడు గుంజ వైపు చూశాడు. "అది గుంజండీ."

"గుంజే. ఉత్తర్వు కూడా ఉంది నాయనా, కావాలంటే చూసుకో. పైగా వానకి నేను తడవకుండా నిలబడింది ఈ ఇంట్లో అదొక్కటే" అంది.

కుర్రాడు కాస్త తటపటాయించాడు. కానీ ప్రభుత్వపు ఉత్తర్వు, ప్రభుత్వపు ఫోను. వేలితో ఏదో నొక్కి, తర్వాతి ప్రశ్న చదువుకుని, నా వైపు తిరిగాడు.

"మరి మీరు ఆయనకి ఏమవుతారండీ?"

సంస్థ నిబంధనలన్నీ ఒకసారి మనసులో తిరగేశాను.

"రాసుకో నాయనా" అంది రాజ్యం, "చుట్టూ తిరుగుతారని."

అతను రాసుకున్నాడు.